మూడో చాంబర్ మిస్డ్ కాల్

మా ఇంటి కాలింగ్ బెల్‌తో నాకొక చిన్న ఇబ్బంది ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది దానంతటదే మోగుతుంది. ఎవరూ నొక్కరు. అయినా పిచ్చుకల గుంపు ఒకటి గోడలోంచి కిచకిచమని, చివర్లో "దయచేసి తలుపు తెరవండి" అని హిందీలో ఒక ఆడగొంతు అడుగుతుంది. కొన్న కొత్తలో అమ్మ ప్రతిసారీ లేచి వెళ్ళి తలుపు తీసేది. వరండాలో ఎవరూ లేకపోతే గేటు దాకా పోయి చూసొచ్చేది. ఎండాకాలం నరసరావుపేటలో కరెంటు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఆమె మోకాళ్ళ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత లేవడం మానేసింది. బెల్ మోగితే కుర్చీలోంచే ఫ్యాన్ వైపు చూసి, "కరెంటు వచ్చిందిలే" అంటుంది. కరెంటు అసలు పోకపోయినా అదే మాట. కొరియర్ వాళ్ళు మా ఇంట్లో మనుషులు లేరని తీర్మానించుకున్నారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే కాసేపు దాన్ని తదేకంగా చూసి, "దాని గుణమే అంత సార్" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంట్లో బెల్ బాగుచేయించలేనివాడికి ఊళ్ళో ఇంకో పని అప్పజెప్పడానికి మనుషులు వెనకాడతారనుకుంటాం. మా మామయ్య వెనకాడలేదు.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. వినుకొండ రోడ్డులో ఇంకో నలుగురితో కలిసి కోల్డ్ స్టోరేజి నడుపుతున్నాడు. మా వైపు దాన్ని ఏసీ అంటారు. రేటు లేనప్పుడు రైతులు మిరపకాయల టిక్కీలు, అంటే కుట్టేసిన గోనె బస్తాలు, తెచ్చి అందులో పెట్టుకుని, రేటు వచ్చినప్పుడు తీసుకుంటారు. "కాయలు ఏసీలో ఉన్నయ్" అంటుంటే కొత్తవాళ్ళు ఏదో లాడ్జిలో దిగాయనుకుంటారు. బయట రాళ్ళు పగిలే ఎండ ఉన్నా లోపల చాంబర్లలో కాయ చలికి ముడుచుకుని, ఎర్రగా, పంట చేతికొచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. ఆ చల్లదనం పోయిందా, రంగు పోతుంది, బూజు పడుతుంది. ఆ తర్వాత అది మిరపకాయ కాదు, తాలు. ఏసీ వ్యాపారమంతా ఈ ఒక్క వాక్యమే.

చాంబర్లలో వేడి ఎంతుందో కనిపెట్టడానికి హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి ఒక ప్రోగ్రామ్ పెట్టి వెళ్ళారు. ప్రతి చాంబర్లో, తలుపుకి దూరంగా, వెనక గోడ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. ఆఫీసులో కంప్యూటర్, దాని పక్కన సిమ్ వేసిన ఒక చిన్న డబ్బా. ప్రోగ్రామ్ మధ్యమధ్యలో సెన్సర్లు చూసుకుంటూ, ఎక్కడైనా వేడి పెరిగితే డబ్బా ద్వారా తన జాబితాలోని నంబర్లకి, మామయ్యతో మొదలుపెట్టి, వరసగా ఫోన్ చేస్తుంది. ఎత్తితే మామయ్య గొంతే వినపడుతుంది: "చాంబర్లో వేడి పెరిగింది, ఉన్నపళాన వచ్చి చూడండి." ఆ మాట రికార్డు చేయడానికి ఆయన గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడని గుమాస్తా చెప్పాడు.

ఇబ్బందల్లా, ఆ ప్రోగ్రామ్ కంప్యూటర్ తెర మీద ఒక నల్లటి విండోలో నడిచేది. విండో మూస్తే ప్రోగ్రామ్ చస్తుంది. గుమాస్తాకి పాటలు చూసుకోవడానికి ఆ విండో అడ్డంగా ఉండేది. కరెంటు పోయి వస్తే దాన్ని మళ్ళీ ఎవరో తెరవాలి. ఎవరో అంటే ఎవరూ కాదు.

నేను ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. అంటే, పిల్లలు ఫోన్లు చూసుకుంటుంటే వాళ్ళ ముందు నిలబడి లినక్స్ గురించి మాట్లాడతాను. ఒకరోజు మామయ్య పిలిచి, "ఒరేయ్ అల్లుడూ, దాన్ని చావకుండా చెయ్యరా" అన్నాడు.

"చావకుండా ఉండేది ఏదీ లేదు మామయ్యా. చచ్చినా లేచేట్టు చేస్తా" అన్నాను. మాట బాగుందనిపించి ఆ రోజంతా నాకు నేనే రెండుమూడు సార్లు చెప్పుకున్నాను.

చేసింది పెద్ద పనేం కాదు. కంప్యూటర్లో లినక్స్ వేసి, ఆ ప్రోగ్రామ్‌ని సర్వీసుగా మార్చాను. సర్వీసు అంటే ప్రోగ్రామ్‌ని మన చేతుల్లోంచి తీసి మిషను చేతుల్లో పెట్టడం. చిన్న ఫైలు ఒకటి రాయాలి. నడపాల్సింది ఏ ప్రోగ్రామో, ఎవరి పేరు మీద నడవాలో, చస్తే ఏం చెయ్యాలో అందులో చెప్పాలి. ఏం చెయ్యాలో దగ్గర నేను "ఎప్పుడు చచ్చినా, ఎందుకు చచ్చినా, మళ్ళీ లేపు" అనే అర్థం వచ్చే మాట రాశాను. ఎవరి పేరు మీద అన్నచోట, ఆ ఒక్క పనికోసమే ఒక కొత్త యూజర్‌ని పుట్టించి పెట్టాను. వాడికి తన ప్రోగ్రామ్ తప్ప ఇంకొకరి ఫోల్డర్‌లోకి తొంగి చూసే హక్కు లేదు. పుస్తకాల్లో అట్లాగే ఉంటుంది. క్లాసులో నేను చెప్పేదీ అదే. ఇక కంప్యూటర్ ఆన్ అయితే చాలు, ఎవరూ ముట్టుకోకుండా ప్రోగ్రామ్ లేస్తుంది.

మామయ్యకి వివరించబోతే మధ్యలోనే ఆపాడు. "బోరు మోటారుకి ఆటో స్టార్టర్ పెట్టినట్టా?"

"అంతే."

"మరట్టా చెప్పవేందిరా! మా బోరుకి ఉంది గదా. కరెంటు ఎప్పుడొచ్చినా దానంతటదే వేసుకుంటది. ఒకసారి బోర్లో నీళ్ళు లేకపోయినా వేసుకునే ఉంది. మోటారు కాలి బొగ్గయిందాకా ఆపలేదు. అంత నమ్మకం దానికి."

ఆయన దాన్ని మెచ్చుకోలుగానే చెప్పాడు. నేనూ అట్లాగే తీసుకున్నాను.

ఆ రోజు పరీక్షలు పెట్టాం. నేను ప్రోగ్రామ్‌ని చంపుతాను, అది లేస్తుంది. వైరు పీకుతాం, పెడతాం, లేస్తుంది. మామయ్యకి ఇది తిరునాళ్ళలో ఆటలాగా నచ్చింది. "ఇంకోసారి చంపు" అంటాడు. చంపాను. తెర మీద చిన్న పచ్చ చుక్క, పక్కన "నడుస్తున్నది" అనే మాట వచ్చాయి. "ఇంకోసారి." మళ్ళీ పచ్చ. వేడి పెరిగితే ఫోన్లో గొంతు వినపడటం పాత నల్ల విండో కాలంలోనే ఒకసారి చూశాం కాబట్టి దాని జోలికి పోలేదు.

"లేచినట్టు మాకెట్టా తెలుసుద్ది?" అని అడిగాడు మామయ్య.

మెసేజ్ పెడదామన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. "మెసేజీలు ఎవురు చదువుతార్రా? మిస్డ్ కాల్ ఇప్పియ్."

మా వైపు మిస్డ్ కాల్ సంగతి కొంచెం చెప్పాలి. కాల్స్‌కి డబ్బులు కట్టే రోజులు పోయి చానా కాలమైంది. అయినా బస్సెక్కిన మనిషి మాచర్లలో దిగితే ఇంటికి మిస్డ్ కాల్ ఇస్తాడు. రెండు రింగులు, కట్. చేరాను, బాగున్నాను అని దానర్థం. దాన్ని ఎత్తకూడదు. ఎత్తితే అవతలివాడు కంగారుపడి, "ఏంది, ఏమైంది?" అంటాడు. మా అమ్మయితే రెండో రింగుకి ఫోన్ ఆగితేనే స్థిమితపడి అన్నం తింటుంది. అందుకని ప్రోగ్రామ్ లేచిన ప్రతిసారీ అందరికీ రెండు రింగులిచ్చి పెట్టేసేట్టు చేశాను. అందరూ అంటే మామయ్య, చాంబర్ల మిషన్లు చూసుకునే ఆపరేటర్ బాబాయ్, గుమాస్తా, నేను. అడిగిన రైతుల నంబర్లు కూడా అదే జాబితాలో పెట్టమన్నాడు మామయ్య. పక్క ఏసీ వాళ్ళకి ఈ సదుపాయం లేదు మరి.

అడిగిన రైతుల్లో మొదటిది పెద్దమ్మ.

సొంత పెద్దమ్మ కాదు. వెల్దుర్తి దగ్గర అమ్మావాళ్ళ ఊరి మనిషి. ఆ ఏడు చేను కౌలుకి తీసుకుని మిరప వేసింది. వానకీ, తామరపురుగుకీ, కోతుల గుంపుకీ పోగా మిగిలింది కల్లంలో ఎండబెట్టి, తాలు కాయని ఒక్కోటీ చేత్తో ఏరి, టిక్కీలు కుట్టించి మామయ్య ఏసీకి తోలింది. మూడో చాంబర్, వెనక వరస. ఆ ఏడాది ఆమెకున్నదంతా అదే. రేటు పడిపోయి ఉంది. "ఒక్క గింజ అమ్మను. పెరిగిందాకా అట్టాగే ఉండనియ్" అని మామయ్యకి చెప్పి వెళ్ళింది. ఏసీ నంబరుని కోడలు ఆమె ఫోన్లో "కాయలు" అనే పేరుతో పెట్టింది.

వైశాఖంలో ఎండలు ముదిరాక మిస్డ్ కాల్స్ ఎక్కువయ్యాయి.

మొదట్లో కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రమే వచ్చేవి. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళకి ఒకటి, కాసేపాగి ఇంకొకటి, ఎండ తిరిగేదాకా అట్లా వస్తూనే ఉన్నాయి. నేను క్లాసులో ఉంటే జేబులో రెండుసార్లు వణికి ఆగేది. ఇంటికొచ్చి, అక్కణ్ణుంచే ఏసీ కంప్యూటర్‌లోకి వెళ్ళి చూసేవాణ్ణి. పచ్చ చుక్క. నడుస్తున్నది. చుక్క చూసి మూసేసేవాణ్ణి.

మామయ్య మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు. "ఇప్పుడు బాగా అలవాటు పడ్డట్టుందిరా. ఇంతకుముందు ఎప్పుడో ఒకటి వచ్చేది. ఇప్పుడు కాసేపటికోటి, బాగున్నా బాగున్నా అంటానే ఉంది."

"కరెంటు ఎక్కువ పోతుందేమో మామయ్యా?"

"పోతే జనరేటర్ ఉందిగా. నువ్వేం పెట్టుకోమాక."

నేనేం పెట్టుకోలేదు. ఒక మనిషి రోజుకి పదిసార్లు ఫోన్ చేసి నేను బాగున్నాను, నేను బాగున్నాను అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. మిషనుకి ఆ గౌరవం ఇవ్వాలని మాకెవరికీ తోచలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి మా మెట్ల మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన గోంగూర కట్ట వడలిపోయి ఉంది.

"ఎంతసేపయింది పెద్దమ్మా?"

"చానాసేపయింది. గంట నొక్కితే లోపల్నుంచి మీ అమ్మ కరెంటు వచ్చిందిలే అంటంది. వచ్చింది కరెంటు కాదు చెల్లీ, నేను అని అరిచా. టీవీ మోతలో ఏం వినపడిద్ది?"

లోపలికి తీసుకెళ్ళాను. అమ్మ నొచ్చుకుంది, నవ్వింది, గోంగూర అందుకుంది. పెద్దమ్మ మంచినీళ్ళు తాగి, చీర చెంగులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. వరసగా మిస్డ్ కాల్స్, అన్నీ "కాయలు" పేరుతోనే.

"నా కాయలు రోజూ ఫోన్ చేస్తన్నయ్ అబ్బాయ్. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నా. హాస్టల్లో పడేసిన ఆడపిల్ల కూడా ఇన్నిసార్లు చెయ్యదు." నవ్వింది. నవ్వు ఆపి కొంచెం ముందుకి వంగింది. "కాకపోతే ఈమధ్య మరీ ఎక్కువైనయ్. మిట్ట మధ్యాహ్నమే చేస్తన్నయ్. ఎందుకైనా మంచిది, ఎత్తి ఏందని అడగమంటావా?"

"ఎత్తక్కర్లా పెద్దమ్మా. బాగున్నామని చెప్పడమే అది. ఎత్తినా అవతల ఎవరూ ఉండరు."

"మీ మామయ్యా ఇదే మాట అన్నాడు. ఎత్తొద్దు అక్కా, అది పద్ధతి కాదు అన్నాడు."

"మరింకేం."

"మరింకేం" అని తనూ అంది. ఫోన్ చెంగులో కట్టుకుంది. ముడి మాత్రం రెండుసార్లు బిగించింది.

కొన్నాళ్ళకి మామయ్య స్నేహితుడు ఒకాయన వినుకొండ నుంచి వచ్చాడు. ఆయనకీ ఒక ఏసీ ఉంది. మా సర్వీసు కథ విని తనకీ ఒకటి కావాలన్నాడు. పెద్దమ్మ కూడా అదే రోజు ఏసీకి వచ్చింది. రేటు కాస్త లేచిందని, మిర్చి యార్డులో చూపించడానికి మచ్చు తీసుకుని పోదామని. మేం ఆఫీసులో ఉంటే ఆమె బయట ప్లాట్‌ఫారం మీద నీడలో కూర్చుంది.

"వేడి పెరిగితే నీ గొంతు వినపడిద్దంట గదా, ఏదీ వినిపించు" అన్నాడు వినుకొండ ఆయన.

మామయ్య చొక్కా సర్దుకున్నాడు. ఆఫీసు బల్ల మీద అదనంగా ఉంచిన సెన్సర్ ఒకటి కంప్యూటర్‌కే తగిలించి ఉంది. అప్పుడే టీలు వచ్చాయి. నేను ఆ సెన్సర్ కొస తీసి నా టీ గ్లాసులో ముంచాను. అందరం మామయ్య ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం.

ఫోన్ మోగింది. మామయ్య చెయ్యి చాచాడు. రెండో రింగు మధ్యలో ఆగిపోయింది.

తర్వాత మళ్ళీ ఆయన ఫోన్, గుమాస్తా ఫోన్, నా ఫోన్, బయట ప్లాట్‌ఫారం మీద పెద్దమ్మ చెంగులో ఫోన్, ఒకటి తర్వాత ఒకటి, రెండేసి రింగులు మోగి ఆగాయి.

"చూశావా" అన్నాడు మామయ్య. "బాగుందని చెప్పింది."

"చానా బాగుంది" అన్నాడు వినుకొండ ఆయన. "మాకూ ఇట్టాంటిదే చేసిపెట్టు అబ్బాయ్."

సెన్సర్ ఇంకా నా టీలోనే ఉంది. టీ పొగలు కక్కుతోంది. ఆ గదిలో బాగలేనిది ఏదైనా ఉందంటే అది నా మొహమే అయ్యుంటుంది, ఎందుకంటే మామయ్య "ఏందిరా, టీలో ఏమన్నా పడిందా?" అని అడిగాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పచ్చ చుక్క ఉంది. దాని పక్కనే, ఎప్పటినుంచి నడుస్తున్నదో చెప్పే చిన్న మాట ఒకటుంటుంది. ఇన్నాళ్ళూ చుక్క చూశాను గానీ ఆ మాట చదవలేదు. నిమిషం కిందటే లేచింది. అంటే అంతకుముందు చచ్చింది.

ఎందుకు చచ్చిందో కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మామయ్య గొంతున్న ఫైలు మామయ్య పేరు మీదున్న ఫోల్డర్‌లో ఉంది. పాత విండో ఆయన పేరు మీదే నడిచేది కాబట్టి అప్పట్లో గొంతు దొరికేది. నేను పుట్టించిన కొత్త యూజర్‌కి ఆ ఫోల్డర్ తలుపు తీసే హక్కు లేదు. వేడి పెరగ్గానే ప్రోగ్రామ్ ఫోన్ కలుపుతుంది, గొంతు కోసం వెళ్తుంది, తలుపు మూసి ఉంటుంది, అక్కడికక్కడే చస్తుంది. ఫోన్ కట్టవుతుంది. నేను రాసిపెట్టిన మాట ప్రకారం మిషను దాన్ని తిరిగి లేపుతుంది. లేచినది లేచినట్టే, నేను నేర్పిన మర్యాద ప్రకారం, అందరికీ బాగున్నానని చెబుతుంది.

మామయ్యకి వీలైనంత మెల్లగా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. ఆటో స్టార్టర్ మాట ఎత్తలేదు.

"అంటే ఆ మధ్యాహ్నాలు వచ్చినవన్నీ…" అన్నాడు.

"కొన్ని కరెంటువి అయ్యుండొచ్చు" అన్నాను. నేను కూడా నమ్మని మాట అంత నెమ్మదిగా ఎప్పుడూ అనలేదు.

సెన్సర్‌ని టీలోంచి తీసి పక్కన పెట్టి, కొత్త యూజర్‌కి ఆ ఒక్క ఫైలు చదివే హక్కు ఇచ్చాను. ఒక్క వరస కొడితే అయిపోయింది. ఇన్నాళ్ళు కాయలకీ మాకూ మధ్య అడ్డం ఉన్నది ఆ ఒక్క వరసే. తర్వాత, ఏ సెన్సర్ దగ్గర వేడి చూసి చస్తోందో వెతికాను. ప్రతిసారీ ఒకటే. మూడో చాంబర్, వెనక గోడ.

ఆపరేటర్ బాబాయ్‌ని పిలిపించాడు మామయ్య. "మూడులో ఏందన్నా తేడా ఉందా?"

"ఏముంది? తలుపు తీత్తే చలికి పళ్ళు కొట్టుకుంటన్నయ్."

"వెనక?"

బాబాయ్ కొంచెం ఆలోచించాడు. "వెనక్కి ఎవురు పోతారు? టిక్కీలు తలుపుదాకా పేర్చి ఉన్నయ్ గదా. వెనక చల్లగాలి తోలే ఫ్యాను తిరుగుతానే ఉండాలి మరి."

ఉండాలి అనే మాట మా అందరికీ వినపడింది.

బయటికి వచ్చేసరికి పెద్దమ్మ లేచి నిలబడింది. మచ్చు కోసం తెచ్చుకున్న గుడ్డ సంచి మడత విప్పుతూ, "నా కాయల దగ్గరికేనా? పదండి" అంది. వినుకొండ ఆయన కారు దాకా పోయి, ఏమనుకున్నాడో, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

చాంబర్ తలుపు తీశారు. చలి మొహానికి కొట్టింది. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. హమాలీలు ముందు వరసలు పక్కకి తీస్తూ దారి చేశారు. లోపలికి పోయేకొద్దీ చలి పలచబడింది. సగం దాటాక, ముందు చలికి చల్లబడ్డ నా కళ్ళజోడు మీద ఆవిరి పట్టింది. మిరప చాంబర్లో అడుగుపెడితే తుమ్ములు ఆగవు. ఆ వెనక మాత్రం ఎవరం తుమ్మలేదు. ముక్కుకి తగిలింది ఘాటు కాదు, తడిసి ఆరని బట్టల వాసన. పైన ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు దుమ్ము పొరలాగా కూర్చుని ఉంది. తిరిగే ఫ్యాను మీద దుమ్ము అట్లా కూర్చోదు.

బాబాయ్ దాన్ని చూసి, కింద నేలని చూసి, ఇంకెక్కడ చూడాలో తెలియక మామయ్యని చూశాడు.

పెద్దమ్మ ఎవరినీ చూడలేదు. తన గుర్తున్న టిక్కీ దగ్గరికి పోయి, కుట్టు పక్కన వేళ్ళు దూర్చి పెద్దది చేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గుప్పెడు కాయలు తీసింది. చాంబర్ లైటు వెలుగులో వాటి రంగు నాకు అర్థంకాలేదు. ఆమెకి అయింది. ఒకటి తీసి విరిచింది. విరిగినప్పుడు టక్కుమనాల్సింది, మెత్తగా వంగి చీలింది. లోపల్నుంచి సన్నటి తెల్ల పొడి ఆమె అరచేతిలో రాలింది. ఇంకో టిక్కీ దగ్గరికి పోయింది. ఇంకోటి. కల్లంలో తాలు ఏరినట్టే ఒక్కో కాయా ఏరి కింద పెడుతోంది. సంచిలో వేసింది మాత్రం ఏమీ లేదు.

"అక్కా" అన్నాడు మామయ్య.

అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. రెండు రింగులయ్యాయి. అలవాటు ప్రకారం అందరం ఆగుతుందని చూశాం. ఆగలేదు. మూడో రింగు, నాలుగో రింగు. అది ఆగితే గుమాస్తాది, బాబాయ్‌ది, నాది, చివరికి పెద్దమ్మ చెంగులోది, ఆ ఇరుకు సందులో, టిక్కీల మధ్య, ఎవరూ ఎత్తకుండా ఒకదాని తర్వాత ఒకటి మోగుతూనే ఉన్నాయి.

పెద్దమ్మ చెంగు ముడి విప్పి ఫోన్ బయటికి తీసింది. దాని మీద వెలుగుతున్న పేరు చూసింది. తర్వాత మమ్మల్ని చూసింది.

"ఇన్నాళ్ళు అది పిలుస్తానే ఉంది" అంది. "ఎత్తొద్దని చెప్పింది మీరేగా."